చదవని ఐదో అంకం

ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టిన రోజున నా దగ్గర పదకొండు వేల నాలుగు వందల రూపాయలున్నాయి. అందులో ఒక పాత ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ కనెక్షన్, గోడకు ఒక తెల్లబోర్డు వచ్చాయి. షెడ్డు అద్దె కట్టాక మిగిలినదానితో ఆ నెలంతా పొద్దున అటుకులు, రాత్రి అన్నంలో పచ్చిపులుసు.

ఆ షెడ్డులో అంతకుముందు మా నాయన సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను సిరిసిల్లలో సాంచా అంటాం. నూలు ధర పెరిగింది, ఆర్డర్లు తగ్గాయి. చివరికి సాంచాలను తుక్కు కింద తూకానికి అమ్మేసి నాయన, అమ్మ, చెల్లె భివండీ పోయారు, వేరేవాళ్ల సాంచాల మీద కూలికి. నన్నూ రమ్మన్నారు. నేను పోలేదు. నాకొక లెక్క తట్టింది.

మా దిక్కు నుంచి, ఇంకా జగిత్యాల, కోరుట్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో డిగ్రీ సగంలో ఆపేసినవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి మిగిలిపోయింది ఒక్క ఇంగ్లీషు పేపరే. అది పాసైతే ఎండలో ఇనుము మోసేవాడు స్టోర్‌లో కూర్చునే పనికి అడగవచ్చు. వాళ్లకు శుక్రవారం సెలవు. నాకు అన్ని రోజులూ సెలవే. నేను చదివింది బీకాం అయినా ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చాయి. ఫోన్‌కు ఒక లింకు పంపితే చాలు, ఎక్కడివాళ్లు అక్కడినుంచే క్లాసుకు వస్తారు. అలా శుక్రవారం శుక్రవారం క్లాసు నడిచింది. మిగతా రోజుల్లో ఆ షెడ్డులో నేను, సాంచాలు బిగించిన బోల్టులు, ఎన్నిసార్లు ఊడ్చినా మూలల్లో పేరుకునే దూది నుసి. చుట్టుపక్కల షెడ్లలో సాంచాల చప్పుడు. ఆ చప్పుడే నాకు తోడు.

సిలబస్‌లో నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు విషాద నాటకం ఒకటి ఉంది. పేరు నోరు తిరగదు కాబట్టి మావాళ్లు దాన్ని గేటు నాటకం అనేవాళ్లు. కథ చిన్నది. సముద్రం ఒడ్డున ఒక నగరం. దాని ప్రభువు ఓడలో యుద్ధానికి పోతూ కోట గేటు తాళం చెవిని ఒక కాపలావాడి చేతిలో పెడతాడు. నేను వచ్చి నా నోటితో చెప్పేదాకా ఇక్కడినుంచి కదలకు అంటాడు. రెండో అంకంలో ఓడ మునిగిపోతుంది. మంత్రి ఆ వార్తను దాచి, ప్రభువు పేరు మీద తానే రాజ్యం చేస్తాడు. మూడో అంకంలో కరువు. జనం మూటలు కట్టుకుని ఊరు విడిచిపోతారు. కాపలావాడు మాత్రం కదలడు. చీకటి పడ్డాక బయటినుంచి ఎవరో గేటు తడుతుంటారు. ఎవరని అడిగితే జవాబు ఉండదు.

ఇంగ్లీషులో చెబితే ఎవరికీ ఎక్కలేదు. అందుకని తలా ఒక పాత్ర ఇచ్చాను. నాటకం అయ్యేదాకా నువ్వు నువ్వు కాదు, నువ్వే మంత్రివి, అలాగే ఆలోచించు, అలాగే జవాబు చెప్పు అన్నాను. అప్పుడు ఎక్కింది.

"ఈ నాటకంలో ముఖ్యమైన ఇతివృత్తం ఏమిటి?" అని అడిగాను ఒకరోజు.

"కఫీల్ సార్," అన్నాడు ముస్తాబాద్ రవీందర్. అక్కడ పనిలో పెట్టుకుని, పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకునే యజమానిని కఫీల్ అంటారు. "గా ప్రభువు పక్కా కఫీల్. ఆయన సంతకం లేనిది కదులొద్దు."

"మరి నువ్వు మంత్రివి కదా, నీకేం బాధ?"

"నేను ఫోర్మన్ లెక్క సార్. సేటు లేడని చెప్తనా? చెప్తే నా కుర్చీ పోదా?"

అందరూ నవ్వారు. సునీల్ నవ్వలేదు. అతనిది కోరుట్ల. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, నాకన్నా పెద్దవాడు. మావాళ్లలో ఎక్కువమంది ఉండే కంపెనీ లేబర్ క్యాంపులో గేటు దగ్గర వాచ్‌మన్ పని. అందుకే కాపలావాడి పాత్ర అతనికిచ్చాను.

"సునీల్, మీరు చెప్పండి. అందరూ పోతుంటే కాపలావాడు ఎందుకు పోడు? విధేయతా, భయమా, మూర్ఖత్వమా?"

సునీల్ వెనకాల ఏదో కూలర్ తిరుగుతున్న చప్పుడు.

"పోవచ్చని ఆయనకు ఎవ్వలూ చెప్పలేదు గద సార్."

ఆ పాత్ర గురించి అంతకన్నా మంచి వాక్యం నేను ఏ గైడులోనూ చదవలేదు. బోర్డు మీద రాసి ఫొటో తీసి అందరికీ పంపాను.

తర్వాత పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని లెక్క కట్టాను. మార్కులన్నీ మొదటి మూడు అంకాల్లోనే ఉన్నాయి. చివరి రెండింటి నుంచి ఒక చిన్న ప్రశ్న, అదీ అరుదుగా. దానికోసం రెండు శుక్రవారాలు పోగొట్టుకోవడం దండగ అనిపించింది. మూడో అంకంతో నాటకం ఆపేసి వ్యాకరణంలోకి పోయాను. నిజానికి చివరి రెండు అంకాలు నేనూ చదవలేదు.

కరోనా వచ్చింది. వాళ్ల కంపెనీ మూతపడింది. జీతాల్లేక, తిండి సరిగ్గా లేక, మా విద్యార్థులు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. అక్కడి మన తెలుగువాళ్ల సంఘం వాళ్లు తిరిగి తిరిగి కాగితాలు చేయించి, బస్సుల్లో ఎయిర్‌పోర్టుకు పంపించారు. శుక్రవారం క్లాసులో గొంతులు తగ్గుతూ వచ్చాయి. చివరికి ఎవరూ రాలేదు. నేను అలవాటు చొప్పున లింకు తెరిచి, ఖాళీ తెర ముందు కాసేపు కూర్చుని మూసేసేవాణ్ణి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సుస్మిత వచ్చింది. సునీల్ భార్య. కోరుట్లలో బీడీలు చేస్తుంది. వానలో బస్సు దిగి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. షెడ్డంతా ఒకసారి చూసి, తర్వాత నన్ను చూసింది.

"మీరేనా సార్? ఫోన్ల గొంతు ఇని పెద్దమనిషి అనుకున్న. మీసం గూడ మొలిచినట్టు లేదు."

"కూర్చో అక్కా. సునీల్ అన్న వచ్చిండా?"

"వస్తే మీ దగ్గరికెందుకు అస్త? క్యాంపు మొత్తం ఖాళీ అయింది. కాగితాలు అయినయి, టికెట్టు అయింది. మొన్న బస్సు గేటు దాక వస్తే ఎక్కలేదట. ఈ పొద్దు పొద్దుమీకి ఆఖరు బస్సు. రేపటినుంచి గా క్యాంపుకు నీళ్లు బంద్, కరెంటు బంద్. చుట్టూ ఇసుక. ఎక్కకపోతే ఏం తాగి బతుకుతడు?"

"ఎందుకు ఎక్కుతలేడు?"

ఆమె ఫోన్ తీసి సునీల్ పంపిన మాట వినిపించింది. గొంతు అతనిదే. కానీ నిదానంగా, నిద్రలో మాట్లాడినట్టుగా ఉంది. "ప్రభువు రాలేదు. ఆయన వచ్చి తన నోటితో చెప్పేదాకా నేను ఇక్కడినుంచి కదలను."

అది నేను తెలుగు చేసి ఇచ్చిన కాపలావాడి వాక్యం. మొదటి అంకంలోది. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఈ ప్రభువెవరని రవీందర్‌ను అడిగితే మీ పేరు చెప్పిండు," అంది సుస్మిత. "వేషం మీరు కట్టిచ్చిన్రట గద."

"అక్కా, అది పాఠం. వేషం కాదు."

"మా ఊర్ల బాగోతం ఆడేటోళ్లున్నరు సార్. వేషం కట్టినోడు మంగళం పాడి, మొకం మీది రంగు కడుక్కున్నంకనే ఇంట్లకు వస్తడు. వాన కొట్టినా, మంది లేచి పోయినా, ఆట నడుమల ఇడ్వరు. ఇడిస్తే వేషం మనిషిని ఇడ్వదంటరు. మీరేమో మార్కులు రావని ఇడిసిపెట్టిన్రు. మార్కులు లెక్కవెట్టిన్రు గని మనిషిని లెక్కవెట్టలే."

ఆమె గొంతు తగ్గించింది.

"మా పోరి ఆరేండ్లది. నాయిన ఎట్లుంటడంటే ఫోన్ చూపెడతది. మీరేం చేస్తరో నాకు తెల్వది సార్. కట్టిచ్చినోళ్లే దించాలె."

ఆమె బస్టాండుకు పోయాక రవీందర్‌కు ఫోన్ చేశాను. అతను ఇల్లు చేరి పది రోజులైంది.

"నేను మస్తు చెప్పిన సార్. ఇంటలేడు. చీకటి పడితే ఎవలో గేటు కొడుతున్నరు అంటడు."

"ఒంటరిగా ఉండి అట్ల అనిపిస్తుందేమో."

"నేను గూడ ఇన్న సార్. గట్టిగ కొట్టరు. తడి బట్టతోని కొట్టినట్టు... మెల్లగ."

పొద్దు గుంకుతుండగా లింకు తెరిచి సునీల్‌కు పంపాను. బయట ముసురు. షెడ్డు షట్టర్ సగం దించి, ల్యాప్‌టాప్ పక్కన పుస్తకం పెట్టుకున్నాను. నాలుగో అంకం గబగబా చూశాను. ఐదో అంకం తెరిచేసరికి కరెంటు పోయింది.

సిరిసిల్లలో కరెంటు పోతే చీకటికన్నా ముందు చప్పుడు పోతుంది. వీధిలోని సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ తర్వాత మిగిలిన నిశ్శబ్దం చెవులను లోపలినుంచి నొక్కుతుంది. రేకుల మీద వాన. పాత నూనె వాసన, గంజి వాసన. ల్యాప్‌టాప్ వెలుతురులో నా చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇంటర్నెట్ డబ్బా మీద దీపం ఆరిపోతే ఫోన్ నుంచి నెట్ ఇచ్చాను.

సునీల్ లింకులోకి వచ్చాడు. తెర మీద మనిషి లేడు. ఒక ఇనుప గేటు, దాని అవతల బూడిద రంగు ఇసుక, ఇంకా పూర్తిగా పోని వెలుతురు.

"సునీల్ అన్నా, నేను శ్రీహరిని. నాటకం అయిపోయింది. క్లాసు అయిపోయింది. బస్సు వస్తది, ఎక్కు. ఇంటికి పో."

"ఆ మాట మీరు చెప్పేది కాదు సార్."

"సుస్మిత అక్క వచ్చింది. నీ బిడ్డ..."

"తెలుసు సార్," అన్నాడు. ఈసారి గొంతు పూర్తిగా అతనిదే. ఏడుపు ఆపుకుంటున్న గొంతు. "నాకు పోవాలనే ఉన్నది. కాళ్లు వస్తలేవు."

అప్పుడు వినిపించింది. ఇనుము మీద మెత్తగా, తడిగా... ఒకసారి. కాసేపటికి ఇంకొకసారి.

సునీల్ గొంతు మళ్లీ మారింది.

"ఎవరది? చీకటిలో నిలబడి పేరు చెప్పని వాళ్లెవరు?"

నేను పుస్తకం వైపు చూశాను. ఐదో అంకంలో మొదటి మాట అదే. నేను చదవని అంకం. అతనికి ఎప్పుడూ చెప్పని అంకం. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు అతను తెలుగులో చెబుతున్నాడు.

కింద వాక్యం ప్రభువుది. క్లాసులో ఆ పాత్రను నేను ఎవరికీ ఇవ్వలేదు. మొదటి అంకం తర్వాత అతనికి మాటల్లేవని, ఒక విద్యార్థి దండగ అవుతాడని ఖాళీగా వదిలేశాను.

తట్టిన చప్పుడు. ఇంకొకసారి.

"నేను..." అన్నాను. "నేనే. నీ ప్రభువును."

షెడ్డులో గాలి మారింది. నూనె వాసన పోయింది. దాని స్థానంలో ఉప్పు వాసన, కుళ్లిన తాడు వాసన. సముద్రాన్ని నేను ఒక్కసారే చూశాను, నాయనవాళ్లను చూడటానికి భివండీ దిక్కు పోయినప్పుడు. ఆ వాసన మరిచిపోలేదు.

"మీరు మునిగిపోయారని అందరూ అన్నారు," అన్నాడు కాపలావాడు.

"మునిగిపోయాను. అందుకే ఆలస్యమైంది."

ఆ మాట నేను పుస్తకం చూసి అన్నానో, చూడకుండానే అన్నానో తెలియదు. గొంతు బరువుగా, నాది కానట్టుగా ఉంది. కాళ్లకు చల్లగా తగిలింది. కిందికి చూడలేదు.

"మరి ఇన్ని రాత్రులు తట్టింది మీరేనా?"

"నేనే."

"ఎందుకు మాట్లాడలేదు?"

తెర మీద ఇసుక పూర్తిగా నల్లబడింది. గేటు ఊచలు మాత్రం లీలగా...

"నోట్లో నీళ్లున్నాయి," అన్నాను.

నా నోరు ఉప్పగా ఉంది.

"నీ కాపలా అయిపోయింది. తాళం కింద పెట్టు. ఇంటికి పో."

ఏం జరగలేదు. వాన పడుతూనే ఉంది. తర్వాత నేల మీద ఇనుప తాళం చెవి పడిన చప్పుడు. గేటు కిర్రుమంది. చాలాసేపు కిర్రుమంటూనే ఉంది, చాలా వెడల్పు గేటును తెరుస్తున్నట్టు. ఆ తర్వాత సునీల్ తెర నల్లగా అయిపోయింది.

అలా ఎంతసేపు కూర్చున్నానో. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. సుస్మిత.

"సార్, బస్సెక్కిండు." ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. "మాట్లాడిండు, మంచిగనే మాట్లాడిండు. ఆకలైతుందట. ఇంటికొస్తే పచ్చిచేపల పులుసు కావాల్నట. గీ కరోనల పచ్చిచేపలు ఏడికెళ్లి తేవాలె సార్? తెస్త. ఎట్లన్న తెస్త. మీరేం చెప్పిన్రు?"

"పాఠం పూర్తి చేసిన అక్కా."

"మీసాలు మొలుస్తయి తియ్యి మీకు," అని పెట్టేసింది.

నాకు ఊపిరి ఆడింది. లేచి నీళ్లు తాగాలనుకున్నాను. అంతలో సునీల్ దగ్గరినుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక బస్సు ఇంజన్ చప్పుడు. గొంతు తేలికగా, సంతోషంగా ఉంది.

"సార్, మీరు అంత దూరం వస్తరని అనుకోలే. చీకట్ల మొకం సరిగ్గ కనవడలే గని, గొంతు పట్టిన. బట్టలన్ని తడిసినయి సార్ మీయి, జర మార్చుకోండ్రి. మీ ఎనుక నిలవడ్డోళ్లను గూడ గేటు తీసి పంపిన. మస్తు మంది ఉన్నరు సార్. అందరు మన దిక్కోళ్లే, మన తెలుగే. నువ్వు పోతున్నవ్, మరి మాకు గా మాట ఎవలు చెప్తరని అడిగిండ్లు. నాకేం సమజ్ కాలే. మన క్లాసు లింకు ఇచ్చిన సార్. తప్పయితే ఏమనుకోకుండ్రి."

మళ్లీ విన్నాను. తర్వాత పుస్తకాన్ని తెర వెలుతురు దగ్గరికి జరుపుకున్నాను.

నాటకాల్లో ఎవరు ఎటునుంచి వస్తారో, ఎక్కడ నిలబడతారో చిన్న వాలు అక్షరాల్లో రాసి ఉంటుంది. వాటి మీద మార్కులు రావు. అందుకే నేనెప్పుడూ అవి చదవను, చదివించను. ఐదో అంకం మొదట్లో, ప్రభువు మాటకు పైన, ఒక వాక్యం ఉంది. ప్రభువు వెనుక, అదే ఓడలో మునిగినవారు ప్రవేశింతురు. మాట్లాడరు.

పేజీ తిప్పాను. తాళం కింద పెట్టి కాపలావాడు నిష్క్రమించును. ప్రభువు నిష్క్రమించును. తెర పడును. అంతే. వెనక నిలబడినవాళ్లు వెళ్లిపోయినట్టు ఎక్కడా లేదు. ముందుకూ వెనక్కూ తిప్పి చూశాను. వాళ్లు వచ్చారు. పోలేదు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

క్లాసు లింకును నేను మూయలేదు. ల్యాప్‌టాప్ చిన్నగా మోగింది. ఎవరో లోపలికి రావడానికి అనుమతి అడుగుతున్నారు.

పేరు ఉండాల్సిన చోట కోనరావుపేట అని ఉంది.

క్యాంపుల్లో మనవాళ్లు ఒకరినొకరు ఊరి పేరుతోనే పిలుచుకుంటారు. ఒకే పేరువాళ్లు చాలామంది ఉంటారు కదా. కొన్నాళ్లకు ఊరే పేరవుతుంది. సొంత పేరు పాస్‌పోర్టులో ఉంటుంది, పాస్‌పోర్టు ఇంకెవరి దగ్గరో ఉంటుంది, మనిషి అక్కడే చచ్చిపోయినా.

మళ్లీ మోగింది. మల్యాల. మళ్లీ. కథలాపూర్. ముస్తాబాద్. మల్యాల, ఇంకొకరు. తెర పక్కన పేర్లు కిందికి జారుతూ పోతున్నాయి. లెక్కలో నాకు తడబాటు ఉండదు. చూడగానే మొత్తం చెప్పగలను. ఈసారి లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను.

కరెంటు ఇంకా రాలేదు. వీధిలో ఒక్క సాంచా ఆడటం లేదు. నా వీపు వెనక, ఒకప్పుడు నాయన సాంచాలు ఉన్న చోట, ఎవరో తడి కాళ్లు మార్చుకుని నిలబడ్డట్టు... ఒక్కరు కాదు. గోడ దాకా.

నేను తిరగలేదు.

వాళ్లకు చెప్పాల్సిన మాట పుస్తకంలో లేదు. రాసినాయన రాయలేదు. ఏం చెప్పాలో నాకింకా తెలియదు. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. ల్యాప్‌టాప్ ఆరిపోయేలోగా, మొదట అడిగిన కోనరావుపేటను లోపలికి రానిస్తాను. అతని అసలు పేరేమిటని అడుగుతాను.